పొన్నయ్య దాచిన ఏడు సిట్టింగులు

పొన్నయ్యను పిసినారి అన్నవాడు ఊళ్లో ఎవడూ లేడు. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపిన పాపం ఆయన ఎరగడు. కానీ ఏ డబ్బానీ, ఏ సీసానీ అడుగు కనబడేదాకా ఖాళీ చేయనివ్వడు. కొబ్బరినూనె సీసాలో రెండు వేళ్ల నూనె ఉండగానే కొత్త సీసా వస్తుంది, పాతది అటకెక్కుతుంది. అటక మీద అలాంటివి పదకొండు ఉన్నాయని ఆయన భార్య చిన్నతాయి వచ్చినవాళ్లందరికీ లెక్క చెబుతుంది. బండిలో పెట్రోలు సగానికి దిగితే ఆయనకు అన్నం సహించదు. ఆఖరికి ఫోనులో రోజూ వచ్చే డేటా కూడా సగం వాడి, మిగతాది రేపటికి ఉండనీ అని ఫోను బోర్లా పెట్టేస్తాడు.

"నాయినా, అది ఉండేది కాదు. పన్నెండు కొడితే పోతాది" అని కూతురు సంగవి నవ్వుతూ ఎన్నోసార్లు చెప్పింది. ఆయన నమ్మలేదు. మనదని ఇచ్చేసింది మనల్ని అడక్కుండా ఎక్కడికి పోతుందన్నది ఆయన వాదం.

ఈ జబ్బు ఊరికే రాలేదు. తమిళనాడు దక్షిణాన కయత్తారు పక్క పల్లెల్లో నేలంతా కరిసల్, అంటే నల్లరేగడి. పైనుంచి వాన పడితే పంట, పడకపోతే మంట. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. తొలివానకు విత్తనాలన్నీ చల్లరు. సగమే చల్లుతారు. మిగతా సగం బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో దాస్తారు. మొలకలొచ్చాక వాన మొహం చాటేస్తే ఆ మొలకలు మాడిపోతాయి. మళ్లీ వాన పడినప్పుడు కుండలో గింజ ఉన్నవాడు రైతు, లేనివాడు కూలి.

పొన్నయ్యకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన తండ్రి పెరుమాళ్, ఆ ఏడు మబ్బు చూసి మురిసిపోయి, కుండ మొత్తం దులిపి చల్లేశాడు. పది రోజులకు మొలకలు ఎండిపోయాయి. నెల తర్వాత బ్రహ్మాండంగా వాన పడింది. చుట్టూ చేలన్నీ పచ్చబడ్డాయి, వీళ్లది మాత్రం నల్లగా ఉండిపోయింది. వాళ్లమ్మ ఖాళీ కుండ కడిగి వాకిట్లో బోర్లించింది. ఆ ఏడంతా ఇంటిల్లిపాదీ పక్కవాళ్ల చేలో కలుపు తీశారు. అప్పటినుంచి పొన్నయ్యకు కుండ అడుగు కనబడితే భయం.

పెద్దయ్యాక రెండెకరాల చేను ఉంచుకుని, గాలిమరల కంపెనీలో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ మరల కింద కుర్చీ వేసుకుని పదేళ్లు కూర్చున్నాడు. ఆ ఉద్యోగం వల్ల కలిగిన ఒకే ఒక గొప్ప, కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు. దాన్ని కూడా ప్లాస్టిక్ కవరులో పెట్టి, పట్టాకాగితాల పెట్టెలో అడుగున దాచాడు. వాడే అవసరం రాకూడదని మొక్కుకున్నాడు కూడా.

అవసరం వచ్చింది. సంగవి కోవిల్‌పట్టి బడిలో ప్లస్ టూ చదువుతూ హాకీ ఆడేది. ఆ ఊళ్లో బంతి కంటే ముందు పిల్లల చేతికి హాకీ కర్ర వస్తుందని అంటారు. సంగవికి ఆరో తరగతిలో వచ్చింది. వేసవిలో జరిగే ఎంపికలో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్, అక్కడే కాలేజీ చదువు. ఆ పిల్ల బతుకు ఆ దారి పట్టింది. జనవరిలో ఒక మ్యాచ్‌లో బంతి కోసం గిర్రున తిరిగింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలిలో టప్పుమని వినబడిందని తర్వాత చెప్పింది. స్కాన్ చూసి, ముందరి లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు. దాన్ని ఆ వైపు జవ్వు అంటారు. జవ్వు తెగిన కాలితో నడవొచ్చు కానీ ఆడకూడదు.

ఫిబ్రవరిలో విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. పొన్నయ్య జేబులోంచి రూపాయి కదల్లేదు. ఇంటికి పంపేరోజు ఇన్సూరెన్స్ మేజా దగ్గరి విఘ్నేశ్వరన్ అనే కుర్రాడు ఒక కాగితం చేతిలో పెట్టి, దీనికి తోడు పన్నెండు ఫిజియోథెరపీ సిట్టింగులు కూడా మీ పాలసీలో ఉన్నాయన్నాడు. పన్నెండు అన్న మాట వినగానే పొన్నయ్యకు గింజలు గుర్తొచ్చాయంటే తప్పేం లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

ఫిజియోథెరపిస్టు వాసుకి వరండాలో నిలబెట్టి విడమరిచి చెప్పింది. మొదటి ఆరు వారాలే ముఖ్యం. కోసిన మోకాలు ఇప్పుడు నిటారుగా సాగకపోతే లోపల గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత లాగినా రాదు. వారానికి మూడుసార్లు తీసుకురండి, నెలలో పన్నెండూ అయిపోతాయి, ఆ లోపల ఇంట్లో చేసుకునేవి నేర్పేస్తాను అంది. ఆయన బుద్ధిగా తలూపి, మళ్లీ గ్రౌండులోకి దిగేటప్పుడు ఏమైనా కావాలా అని అడిగాడు. పరుగు, మలుపు నేర్పడానికి అప్పుడూ కొన్ని కావాలి అంది వాసుకి.

చెప్పినదాంట్లో ఆయన చెవికెక్కింది ఆ చివరి ముక్క ఒక్కటే. అదే వరండాలో ఏళాయిరంపన్నై నుంచి వచ్చిన ఒకాయన, తన కొడుక్కి వేసిన జవ్వు ఎనిమిది నెలలకు మళ్లీ తెగిందని చెప్పి కళ్లొత్తుకున్నాడు. ఇంక చెప్పేదేముంది. ఉన్నవన్నీ తొలివానకే చల్లేస్తే, రేపు పిల్ల ఆటకు దిగినప్పుడు ఏదైనా అయితే, కుండలో ఏముంటుంది? బస్సులో కోవిల్‌పట్టి చేరేలోపల పొన్నయ్య తేల్చేసుకున్నాడు. ఇప్పటికి అయిదు. ఏడు దాపు.

అంతవరకైతే తెలివితక్కువతనం. కానీ పన్నెండని తెలిస్తే సంగవి పన్నెండూ అడుగుతుందని ఆయనకు తెలుసు. అందుకని కాగితం ఎవరికీ చూపించకుండా పెట్టెలో వేసి తాళం పెట్టాడు. "వాండ్లు ఇచ్చింది అయిదే పాపా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక కూతురితో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అబద్ధమని కూడా అనుకోలేదు, జాగ్రత్త అనుకున్నాడు.

పిల్ల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. రోజూ రెండు గుడ్లు తెచ్చాడు. కయత్తారు రోడ్డు దాకా బండి మీద, అక్కణ్నుంచి బస్సులో, రెండు వారాలకో మూడు వారాలకో ఒకసారి విరుదునగర్ తీసుకెళ్లాడు. చిన్నతాయి అయితే పిల్ల నిద్రపోయేటప్పుడు నొప్పి లేకుండా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది. రెండో సిట్టింగుకు వెళ్లినప్పుడు ఆ దిండు సంగతి విని వాసుకి తల పట్టుకుంది. దిండు మీద కాలు వంగే ఉంటుంది, వంగి వంగి అలాగే అతుక్కుంటుంది అని చెప్పింది. అప్పటికి నెల దాటింది. వారానికి మూడుసార్లు వెళ్లి ఉంటే ఆ దిండు రెండో రోజే పోయేది. మిగతావాటికి ఎందుకు తీసుకురావడం లేదని వాసుకి అడిగినప్పుడల్లా ఆయన గాలిమర డ్యూటీ అనో, చేను పని అనో చెప్పి తప్పించుకున్నాడు.

ఇంట్లో సంగవి మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని మోకాలు కిందికి నొక్కుకునేది. నొప్పి పుడితే ఆపేసేది. ఆపాలో, ఓర్చుకోవాలో చెప్పేవాళ్లు పక్కన లేరు. ఏప్రిల్ దాటింది. పడుకుంటే మోకాలి కింద పిడికిలి దూరేంత సందు అలాగే ఉంది. నడిస్తే మడమ ముందు ఆనడం లేదు, వేళ్లు ఆనుతున్నాయి. పదిహేడేళ్ల పిల్ల, వాళ్ల అవ్వ నడిచినట్టు నడుస్తోంది.

మే నెలలో ఒక సాయంత్రం కోవిల్‌పట్టి గ్రౌండు దగ్గరికి కూతుర్ని తీసుకురావడానికి వెళ్లాడు పొన్నయ్య. సంగవి మెట్ల మీద కూర్చుని ఉంది. మైదానం అంచున కార్తిక పరుగెత్తుతోంది. అదే వారం, అదే ఆస్పత్రిలో, అదే ఆపరేషన్ అయిన పిల్ల. వాళ్ల నాన్నకు బ్యాంకు ఉద్యోగం. ఆయన పాలసీలో సిట్టింగులకు లెక్క లేదు, అందుకని వాళ్లకు దాచుకునే పనీ లేదు. వారానికి మూడుసార్లు తీసుకెళ్లారు. పొన్నయ్య ఆ పిల్ల మడమలు చూస్తూ నిలబడ్డాడు. రెండూ ఒక్కలాగే ఆనుతున్నాయి. అయినా మనసుకు సర్ది చెప్పుకున్నాడు. మన దగ్గర ఏడున్నాయి, ఎంపిక జూన్‌లో కదా, ఇదే రెండో వాన అనుకున్నాడు.

మర్నాడు పెట్టె తెరిచి కాగితం తీసి, సంగవిని వెంటబెట్టుకుని విరుదునగర్ వెళ్లాడు. ఇంకో సిట్టింగు అడిగి ఇప్పించుకున్నానని పిల్లతో చెప్పాడు. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధం. ఆమెను వాసుకి గదికి పంపి, తను ఇన్సూరెన్స్ మేజా దగ్గరికి వెళ్లి మిగిలిన ఏడూ ఇప్పుడు కావాలన్నాడు.

విఘ్నేశ్వరన్ కంప్యూటరు చూసి, అవి లేవన్నాడు. ఇంటికి పంపిన రోజు నుంచి తొంభై రోజుల లోపలే వాడుకోవాలి, ఆ గడువు దాటి పద్దెనిమిది రోజులైంది. పొన్నయ్య నవ్వాడు. వాడలేదు తమ్ముడూ, మిగిల్చాను అన్నాడు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. ఆయన చేతిలోని కాగితాన్నే తిప్పి, అడుగున చీమల బారులా ఉన్న ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, తమిళంలో మెల్లగా చదివి చెప్పాడు. ఇది మిగిలేది కాదన్నా అన్నాడు. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్ల ఉంది. ఆ పిల్ల కంట పడకుండా తాళం వేసింది తనే. మడిచిన కాగితాన్ని ఇంకా మడుస్తూ పొన్నయ్య వాసుకి గది వైపు నడిచాడు.

గదిలోకి వెళ్లేసరికి వాసుకి సంగవి మోకాలి పక్కన కొలత పెట్టి చూస్తోంది. నిటారుకు పదిహేను డిగ్రీలు తక్కువ ఉంది. ఈ కాలితో ఈ జూన్‌కు ఎంపిక కుదరదు, డాక్టరు సంతకం పెట్టరు అంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఇంక మూడు నెలలు గట్టిగా సాగదీసి చూడాలి, రాకపోతే మళ్లీ కోసి లోపల శుభ్రం చేయాలి. అంతా చెప్పి, ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా అని నేరుగా పిల్లనే అడిగింది.

ఇన్సూరెన్సులో అయిదే ఇచ్చారక్కా అంది సంగవి. తర్వాత తల దించుకుని, "తప్పు నాదే అక్కా. ఇంట్లో నొప్పి పుడితే నిలిపేస్తాను. ఓర్చుకొనుంటే సరిపోయుండును. హాకీ మాస్టర్ దగ్గరా అదే చెప్పినాను" అంది. వాసుకితో తమిళంలోనే అన్నా, ఆ మాటలు పొన్నయ్య చెవిలో ఇంటి మాటల్లాగే పడ్డాయి.

వాసుకి తలెత్తి పొన్నయ్య వైపు చూసింది. ఆమెకు పన్నెండని తెలుసు. ఆయన చూపు గోడ మీది ఎముకల బొమ్మ మీదికి పోయింది. పిల్ల కాలు పోయిందన్న బాధ ఒక ఎత్తు. ఆ పాపం పిల్ల తన నెత్తిన వేసుకుని నెలల తరబడి మోస్తోందని అప్పుడే తెలిసింది. కాదమ్మా, తప్పు నాది అని నోరు తెరవాలి. తెరవలేదు. పదిమంది ముందు పరువు పోతుందనే భయం కూడా కాదు. తండ్రి చెప్పింది నమ్మిన ఆ మొహం మారడం చూడలేకపోయాడు. వాసుకి ఆయన్ని దగ్గరికి పిలిచి, మోకాలి పైన రెండు చేతులూ ఎక్కడ ఆనించాలో, ఎంత బరువు వేయాలో, ఎంతసేపు ఉంచాలో నేర్పింది. రోజూ ఉదయం, సాయంత్రం మీరే నొక్కాలి, వారానికోసారి నా దగ్గరికి తీసుకురండి అంది.

బయటికొచ్చాక మాత్రం గొంతు తగ్గించి, "మీరు చెబుతారా, వచ్చే వారం నేను చెప్పనా?" అని అడిగింది. నేనే చెబుతానన్నాడు.

బస్సు సాత్తూరు దాటేదాకా చెప్పలేదు. దోసకాయలమ్మే పిల్లలు ఎక్కి దిగారు. సంగవి కిటికీ పక్కన, కాలు సీటు సందులోకి చాపి కూర్చుంది. ఇంటి గడప దాటితే పొన్నయ్య నోట తమిళం తప్ప రాదు. ఆ రోజు బస్సులో తెలుగులో మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాకూడదని. సంగవి తల తిప్పి చూసింది, ఏదో అయిందని దానికి అప్పుడే తెలిసిపోయింది.

"పాపా, అయిదు కాదు. పన్నెండు ఇచ్చినారు."

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఏడు నేనే దాచిపెట్టినాను. మళ్లా నువ్వు ఆడేటప్పుడు కావాలని. విత్తనం మాదిరి. ఆ అక్క మొదట్లోనే చెప్పింది, వారానికి మూడుతూర్లు రావాలని. నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు. ఇప్పుడు అవి లేవంట, గడువు పోయినాదంట." మడిచిన కాగితం జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తప్పు నీది కాదు. నువ్వు ఎవరి దగ్గరా అట్లా చెప్పవద్దు. నాది."

సంగవి ఒక్కటే అడిగింది. "ఈ పేపరు అప్పుడే నాకు చూపించుంటే ఏమి నాయినా?"

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురు సీట్లో బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఇంతసేపూ నిద్ర నటించింది. కోవిల్‌పట్టి దగ్గర పడగానే లేచి, బుట్ట చంకనేసుకుని, "చెప్పేసినావు గదా నాయినా, ఇంక బిడ్డను ఏడవనీ" అని తెలుగులో అని దిగిపోయింది. ఊరూరా తెలుగు ఇళ్లున్న ఆ వైపు, తెలుగు ఎవరికీ అర్థం కాదనుకోవడమంత బుద్ధిహీనత ఇంకొకటి లేదు. పొన్నయ్యకు సిగ్గుపడే ఓపిక కూడా మిగల్లేదు.

మూడు రోజులు సంగవి తండ్రితో మాట్లాడలేదు. ఏం కావాలన్నా తల్లితో చెప్పేది. కోప్పడినా బాగుండేది, అరిచినా బాగుండేది. చిన్నతాయి మాత్రం ఊరుకోలేదు. అటకెక్కి ఆ పదకొండు నూనె సీసాలూ దించి, అన్నీ ఒక గిన్నెలోకి వంచి, ఖాళీ సీసాలు ఆయన కాళ్ల దగ్గర వరసగా పెట్టింది. కొన్నిటి నూనె కంపు కొడుతోంది. ఆయన వాటిని గోనెసంచిలో వేసి పారేసి వచ్చాడు. డ్యూటీలో గాలిమర కింద కూర్చుంటే రెక్క తిరిగిన ప్రతిసారీ ఆ పిల్ల మాటే వినబడేది. తప్పు నాదే అక్కా. ఎవరైనా తనను నాలుగు తన్ని ఉంటే కాస్త తేలికయ్యేదనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున చేనికి బయల్దేరుతుంటే సంగవి వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలు వేసి, తువ్వాలు చుట్ట పెట్టి, దాని మీద మడమ ఆనించి పెట్టుకుంది. ఎంపిక ఈ ఏడు పోయింది. వచ్చే ఏడు మిగిలి ఉందో లేదో ఈ మోకాలే చెప్పాలి.

"వచ్చి పట్టు నాయినా" అంది, ఆయన మొహం చూడకుండా.

పొన్నయ్య చేతిలో కొడవలి కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నేల మీద మోకరించాడు. వాసుకి నేర్పినట్టు రెండు అరచేతులూ ఆనించి మెల్లగా నొక్కాడు. మోకాలు కొంచెం దిగింది. పిల్ల పళ్లు బిగించింది. గాలి పీల్చిన చప్పుడు వినగానే ఆయన చేతులు వాటంతట అవే వదులయ్యాయి. మళ్లీ నొక్కాడు, ఈసారి ఇంకా తక్కువ. చాలు, మిగతాది సాయంత్రం చూద్దాం, ఇవాళ్టికి ఇంత అనుకున్నాడు.

సంగవి వంగి ఆయన చేతుల మీద తన చేతులు పెట్టింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి నొప్పివో, కోపానివో ఆయనకు తెలియలేదు.

"బలము దాచిపెట్టవద్దు నాయినా" అంది. "అంతా వెయ్యి."

పొన్నయ్య కళ్లు మూసుకుని, ఉన్న బరువంతా ఆనించి నొక్కాడు. పిల్ల ఏడుస్తూనే లెక్క పెట్టింది. ఆమె ఆపమనేదాకా ఆయన చేతులు తీయలేదు.